వెన్న తీసిన పాలు

కొండపి దాటాక, పాలేటి ఒడ్డున పొగాకు నారుమళ్ళు.
ఏట్లో ఇసక తప్ప ఏమీ లేదు.
ఏడింటికే ఎండ మెడ మీద చెయ్యేసింది.

మాలకొండయ్య ఒక మొక్క పీకి నా ముందు పెట్టాడు.
ఆకు నిండా లేతపచ్చ, ముదురుపచ్చ,
అతుకుల బొంత.
"తెగులా?"
తెగులే.
"పురుగు కనపడదే?"
పురుగు కాదు.

చెప్పడం మొదలెట్టాను, డిప్లొమాలో చదివింది కదా.
లోపల ఒక్క పోగు.
దాని చుట్టూ ఒకే అచ్చులో పోసిన ఇటుకలు,
రెండు వేల నూట ముప్పై,
మెట్లు మెట్లుగా తిరుగుతూ పైకి.
నడుమ సన్నటి బోలు.
అంతే.
నోరు లేదు, పొట్ట లేదు, ఊపిరి లేదు.
ఒక్క వెంట్రుక మందాన
రెండొందల యాభై వరసగా పడుకోబెట్టొచ్చు.

ఆయన నోట్లో చుట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసి
"ఇట్టా ఉంటదా?" అన్నాడు.
ఇట్టాగే ఉంటుంది.
క్లాసులో రెండేళ్ళు కూర్చున్నా నాకు తట్టని పోలిక.

తలుపు తీసే తెలివి దానికి లేదు.
ఆకు మీది నూగు ఒక్కటి విరగాలి,
మన వేలు తగిలో, ఆకూ ఆకూ రాసుకునో.
ఆ గాయంలోంచి లోపలికి.
వెళ్ళగానే ఒక కొస నుంచి ఇటుకలు ఊడతాయి,
పోగు బయటపడుతుంది,
పోగు పొడవునా రాత.

బేరన్ ముందు ఆకు అల్లే ఆడవాళ్ళని చూడు,
మేస్త్రీ ఏ మోపు ముందర పడేస్తే అది కర్రకి అల్లుతారు,
ఎవరి చేలోది అని అడగరు.
కణంలోనూ అడిగేవాళ్ళు లేరు.
రాత కనపడితే చదవడం, అల్లడం.
ముందు నకళ్ళు తీసేవాడు తయారవుతాడు,
ఆనక పక్క గదికి సందు వెడల్పు చేసేవాడు,
ఆనక ఇటుకలు, ఇటుకలు, ఇటుకలు.
పేర్చే మేస్త్రీ కూడా అక్కర్లేదు,
పోగు చుట్టూ వాటంతట అవే చేరతాయి.
ఒకటి దూరిన చోట లక్షలు,
ఈనెల దారిన చిగురు దాకా.

మొక్క చావదు.
వేలంలో రేటు చస్తుంది.

"ఇంతకీ అది బతికున్నట్టా, చచ్చినట్టా?"
ఎండిన ఆకులో ఏళ్ళ తరబడి ఉంటుంది,
బేరన్ సెగకి కూడా పూర్తిగా పోదు,
నీ చుట్టలోనూ ఉండొచ్చు, అన్నాను.
అడిగినదానికి అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

కాసేపు గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.
"నోటు మాదిరన్న మాట.
మా నాయన వేలిముద్రేసిన ప్రోనోటు
మూడేళ్ళకి నెల తక్కువ దాకా పెట్లో పడుంది.
తిండి అడగలా, నీళ్ళు అడగలా.
చదివేవాడి చేతిలో పడ్డ రోజు లేచింది.
లేచి నన్ను వాళ్ళింట్లో పాలేరుని చేసింది,
ఇంకో నోటుని కనింది."

బకెట్లో వెన్న తీసిన పాలు.
మొక్క ముట్టుకునే ముందు ముంచుకోండి,
పాలు దానికి అడ్డం పడతాయి, అన్నాను.
"చేతులకి పాలంట!" పేరిందేవి నవ్వింది,
"మా బుడ్డదాని టీలో చుక్క లేవు."
నవ్వుతూనే మోచేతుల దాకా ముంచింది.
మాలకొండయ్య చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని ముంచాడు,
తర్వాత అలవాటు కొద్దీ చెవి సర్దుకున్నాడు.
మళ్ళీ ముంచమన్నాను.
మళ్ళీ ముంచాడు.

పన్నెండు మంది, వేళ్ళ నుంచి పాలు కారుతూ,
మళ్ళలోకి వంగారు.

అప్పుడు గుర్తొచ్చింది.
తెల్లారినప్పట్నించీ భూతద్దం పట్టుకుని
ఈ మడి నుంచి ఆ మడికి
మచ్చలున్న ఆకునీ లేని ఆకునీ
ఈ వేళ్ళతోనే తిప్పుతున్నాను.

బకెట్ దగ్గరికెళ్ళాను.
పాలు అప్పటికే వెచ్చబడ్డాయి,
అంచున ఈగలు.
మోచేతుల దాకా ముంచి
ఎవరైనా చూశారేమోనని తలెత్తాను.
చెవి మీద చుట్టతో మాలకొండయ్య
చూడనట్టు
నారు పీకుతున్నాడు.